తోడుగింజ

"మొన్న శనివారం గింజ మళ్ళీ లేచింది సార్," అంది నా సహాయకురాలు హసీనా, నేనింకా ప్రయోగశాల గుమ్మంలో చెప్పులు విప్పకముందే.

నాకు సంతోషం రావాలి. రాలేదు. షుగరు మందు కోసం ఏళ్ల తరబడి ఆకులు నూరి, నానబెట్టి, వడగట్టి, చివరికి 'పనికిరాదు' అని రాసి రాసి, సంతోషపడే శక్తి ఎక్కడో అరిగిపోయింది. ముందు టీ తాగుదామన్నాను. హసీనా నా మొహం చూసి, ఈయనతో ఇంతే అనుకున్నట్టు తెరను నా వైపు తిప్పింది.

ఎర్రనూగు తీగ. శేషాచలం కొండల్లో బండల సందున పాకే తీగ. ఆకు వెనక ఎర్రటి నూగు ఉంటుంది, చేతికి తగిలితే రెండురోజులు దురద. మేము పరీక్షించిన వందలాది ఆకుల్లో ఇదొక్కటే ప్రతిసారీ మాట నిలబెట్టుకుంటోంది. శనివారం దాని రసం చుక్క పడిందంటే గింజ బతికి బట్టకట్టినట్టు లేస్తుంది, నిండు ఆరోగ్యంతో ఉన్న మనిషి క్లోమంలాగా ఇన్సులిన్ వదులుతుంది.

గింజ అంటే నిజం గింజ కాదు. గాజుగిన్నెలో పల్చటి ద్రవంలో తేలుతూ పెసరగింజంత ఉంటుంది. మా అక్క రెడ్డెమ్మ క్లోమం నుంచి తీసిన కణాలతో పెంచాం. అక్క దండచెయ్యి చర్మం కింద ఒక గుళిక ఉంది. అక్క ముద్ద మింగితే ఆమె నెత్తుట్లో చక్కెర ఎంత పెరిగిందో ఆ గుళిక మా యంత్రానికి చెబుతుంది, యంత్రం గిన్నెలో అంతే చక్కెర పెంచుతుంది. అక్క కునుకు తీస్తే గింజకూ కునుకు. అక్క ఎవరి మీదైనా గయ్యిమంటే ఇక్కడ గింజ ఉలిక్కిపడుతుంది. మనిషికి ఆకురసం తాగించి ప్రాణం మీదికి తెచ్చేకన్నా, మనిషి బతుకు బతికే గింజకు తాగించి చూడటం నయం కదా. మా డైరెక్టర్ ప్రభావతి గారు దానికి తోడుగింజ అని పేరు పెట్టారు.

అక్కకన్నా ముందు కొంతమంది గుళిక పెట్టించుకున్నారు. ఎవరూ నిలవలేదు. దాత మేము పంపిన తిండే తినాలి, మేము చెప్పిన వేళకే తినాలి. సోమవారం సంకటి, మంగళవారం జొన్నరొట్టె, ఇలా రోజుకొకటి, అన్నీ తూచి పంపుతాం. తన కంచం మీద ఇంకొకరి పెత్తనాన్ని ఎవరు భరిస్తారు? ఒకాయన మేనల్లుడి పెళ్లిభోజనం కోసం గుళిక తీయించుకుని వెళ్లిపోయాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. చివరికి, ఎన్నో ఏళ్లుగా ఇన్సులిన్ సూదులు వేసుకుంటున్న మా అక్క ముందుకొచ్చింది. "నాదేముందిరా, ఎవురు పెట్టినా తినేదే గదా" అంది.

ప్రభావతి గారు పనిలో మహా నిక్కచ్చి మనిషి. తిండి రోజుకొక రకం కాబట్టి, సోమవారం పరీక్షించిన ఆకును మళ్ళీ సోమవారమే పరీక్షించాలి. శనివారం ఆకుకు శనివారమే. లేకపోతే తేడా ఆకుదో తిండిదో ఎలా తెలుస్తుంది? ఇంకో నియమం, దాత అంకెలు మేమెవరం చూడకూడదు. ప్రమాదం ముంచుకొస్తే యంత్రం మోగుతుంది, అంతే. చూస్తూ కూర్చుంటే మనసు ఒకవైపు మొగ్గుతుందని ఆవిడ భయం. మేము గింజ గీతను మాత్రమే చూసేవాళ్లం. ఇంతకన్నా జాగ్రత్తగా పనిచేసే చోటు ఇంకోటి లేదని నేను గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

టీ అయ్యాక ప్రభావతి గారు తన గదికి పిలిచారు.

"ఓబులేసు గారూ, గింజ చాలించి మనిషికి వద్దాం. అనుమతులు వచ్చేశాయి. మొదటి మనిషి మీ అక్కగారే. ఆమె గింజకు పట్టిన మందు ఆమెకు పట్టకపోతే ఇంకెవరికి పడుతుంది? మీకు ఇష్టమేనా?"

"సూది ఆపాలా మేడం?"

"ఆపకపోతే ఇది ఆకు గొప్పే అని ఎట్లా చెప్తాం?"

ఇష్టమేనన్నాను. అక్క పొట్ట మీద, తొడల మీద సూది గుచ్చని జాగా లేదు. గుచ్చిన చోటల్లా కండ గట్టిపడిపోయింది. అమ్మ పోయినప్పుడు నాకు మీసాలు కూడా రాలేదు. నన్ను చదివించింది, తిండి పెట్టింది, నేను ఉద్యోగంలో చేరేదాకా తన కాపురాన్ని సైతం సగమే చేసుకుంది మా అక్క. బావ పోయాక నా దగ్గరికే వచ్చేసింది. ఈ ఉద్యోగంలో నేను చేరిందే ఆ సూదిని ఆపడానికి. పైకి ఎవరితోనూ అనలేదు గానీ, మిగతా లోకం షుగరు సంగతి నాకు ఆ తర్వాతే.

*

మా ఇల్లు ప్రయోగశాల క్వార్టర్సులోనే. వెళ్లేసరికి అక్క వాకిట్లో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. తను తినని పులుసు కోసం, అంటే నా కోసం.

"అక్కా, మందు దొరికింది. రేపట్నుంచి నీకు సూది లేదు. పొద్దున, రాత్రి కషాయం."

అక్క చేతిలో చింతపండు అట్లాగే పట్టుకుని నా వైపు చూసింది. "దొరికినట్టేనా? గట్టిగా జెప్పు."

"దొరికినట్టే."

"పూర్తిగా? మళ్ళా యెనక్కి పోయేది ల్యాకుండా?"

సైన్సులో అంత గట్టిగా ఎవరూ చెప్పరు. కానీ అలసిపోయిన మనిషికి గట్టి మాట ఒకటి కావాలి, అడిగేవాళ్లకే కాదు, చెప్పేవాళ్లకు కూడా. "దొరికిందక్కా. ఇంక వెతికేది లేదు," అన్నాను.

అక్క చెయ్యి కడుక్కుని, కొండ కనబడే వైపు తిరిగి దండం పెట్టింది. కళ్లు తుడుచుకుంది.   పులుసు ఆ రోజు అమృతంలా ఉంది.

కషాయం పరమ చేదు. అక్క మొహం చిట్లించకుండా తాగేది. నియమం సడలించారు కనుక ఇప్పుడు ఆమె అంకెలు నా ఫోనులో కనబడేవి. మొదటి రోజు కొంచెం పెరిగింది. మర్నాడు ఇంకొంచెం. ప్రభావతి గారికి చూపిస్తే, "పాత సూది పోవాలి, కొత్త మందు కుదురుకోవాలి, టైం పడుతుంది" అన్నారు. నేనూ తల ఊపాను. ఇంకెవరి అక్క అంకెలైనా అయితే అట్లా ఊపేవాణ్ణి కాదు. అంతగా నమ్మాలనిపించింది నాకు.

"దాహమేమైనా అవుతోందా అక్కా?"

"ల్యాదురా."

"రాత్రి మాటిమాటికీ లేస్తున్నావా?"

"ల్యాదని జెప్పలా? నన్ను నిద్రబోనీవు గానీ."

బుధవారం సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తలుపు దగ్గర ఎవరో బోడిగుండు ముసలామె నిలబడి ఉంది. ఎవరు కావాలమ్మా అని అడగబోయాను. అది మా అక్క. బస్సెక్కి కొండకు పోయి తలనీలాలు ఇచ్చి వచ్చింది. నుదుటి మీద చందనం ఎండి పెచ్చులుగా ఉంది.

"ఏందక్కా ఇది!"

"నీ మందు దొరికితే ఇస్తానని మొక్కుకోని ఉంటి. దొరికిందంటివి గదా, అప్పు బెట్టుకోగూడదు." చిన్నపిల్లలా గుండు నిమురుకుంది. "చల్లగుండాదిరా, బాగుండాది."

ప్రసాదం పొట్లం విప్పి నాకు సగం పెట్టి తనూ సగం తిన్నది. వద్దనడానికి నోరు రాలేదు. నాకు చెప్పకుండా ఒంటరిగా అంత దూరం వెళ్లినందుకు మాత్రం కోప్పడ్డాను. ఆమె నవ్వుతూ చెంబెడు నీళ్లు తాగింది. ఆ వెంటనే ఇంకో చెంబు.

గురువారం మధ్యాహ్నం ఫోనులో గుళిక హెచ్చరిక మోగడం మొదలుపెట్టి ఆగలేదు. పరుగున వెళ్తే అక్క వంటింట్లో పడి ఉంది. ఊపిరి బుసబుసమంటోంది, నోరు ఎండి పెదాలు పగిలి ఉన్నాయి. ఆస్పత్రికి తీసుకెళ్లే దారంతా ఆమె గుండు నా ఒళ్లోనే ఉంది. డ్రైవరు ఏదో అడుగుతున్నాడు, నాకు వినబడటం లేదు. నేనే చంపుకుంటున్నాను అనుకున్నాను, అంతే.

*

డాక్టరు మంచిది. తిట్టాల్సినంతా తిట్టి, చెయ్యాల్సినంతా చేసింది. శుక్రవారానికి అక్క కళ్లు తెరిచింది. చేతికి సెలైన్, మళ్ళీ ఇన్సులిన్.

"దాహమైతోందని ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే నీ మందు సెడిపాయ అంటారు గదా."

"మందు పనిచేయలేదక్కా. చెడిపోయేదానికి అసలు మందే కాదది."

 ఆమె మెల్లగా గుండు మీద చెయ్యి పెట్టుకుంది. "అట్లయితే కోరిక దీరకముందే మొక్కు చెల్లిచ్చినట్టు గదరా" అంది. నేను ఆ మాటను పట్టించుకోలేదు. నా గొడవలో నేనున్నాను. గింజకు అన్నిసార్లు పట్టిన మందు, ఆ గింజ మనిషికి ఎందుకు పట్టలేదు? రసం చెడిందా, మోతాదు తప్పిందా? రాత్రంతా బల్ల మీద కూర్చుని ఇదే గొణుక్కున్నాను.

శనివారం మధ్యాహ్నం హసీనా ఫోను చేసింది.

"సార్, గింజ లేచింది."

"ఏ రసం వేశావు?"

"అదే చెప్తాన్నా సార్. ఏమీ ఎయ్యలా. ఎట్లాగూ పరీక్ష ఆగిపోయింది కదా అని పొద్దున గిన్నె కడిగి ఉత్త ద్రవమే పోసినా. ఎర్రనూగు చుక్క గూడా లేదు. అయినా అచ్చం అట్లే లేచింది."

 హసీనా అడగొచ్చో లేదో అన్నట్టు అడిగింది. "సార్, అమ్మ ఈ రోజు ఏమన్నా తిన్నిందా? పోయిన రంజాన్లో యంత్రం సరిచూసేదానికి గుళికలాంటిదే ఒకటి చేతికి నేను కట్టుకుంటిని గుర్తుందా? నేను రోజా ఉన్న పూట గింజ ఇట్లే పైకి పోయేది. సాయంత్రం ఇఫ్తార్ చేస్తే దిగేది. అప్పుడు యంత్రమే సరిగా కుదరలేదని వదిలేస్తిమి."

అక్క మంచం పక్కన స్టూలు మీద పొద్దున నర్సు పెట్టిన ఇడ్లీ ప్లేటు అట్లాగే ఉంది. చట్నీ మీద ఈగ తిరుగుతోంది. మధ్యాహ్నం అన్నం మీద మూత కూడా తీయలేదు.

నేను ఫోను పెట్టేసి, "ఎందుకు తినలేదక్కా?" అన్నాను.

"శనివారం గదరా."

"శనివారమైతే?"

"ఒక్కపొద్దు." ఎంత మామూలుగా అందో. "నీ మందు దొరికేదాంకా శనివారం శనివారం ఒక్కపొద్దుంటానని స్వామికి మొక్కుకోని ఉంటి. దొరికిందంటివని నిలిపేస్తి. దొరకలేదని నిన్న నువ్వే జెప్తివి. మళ్ళా పట్టినా."

అప్పుడు ఒక్కొక్కటే నా కళ్ల ముందుకు వచ్చాయి. కిందటేడు నిధులు ఆపేస్తామని ఉత్తరం వచ్చిన రోజు నేను అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. అది చూసి పట్టి ఉంటుంది. శనివారం నేను తెల్లారకముందే ఆకుల కోసం కొండెక్కుతాను, చీకటిపడ్డాక దిగుతాను. మేము తూచి పంపిన క్యారియరును అక్క వాచ్‌మన్‌కు పెట్టేసి ఉంటుంది. తిండి లేనప్పుడు సూది వెయ్యకూడదని ఆమెకు తెలుసు, వేసుకునేది కాదు. దీపం పెట్టాక నాతో కలిసి తినేది. పగలంతా అక్క కడుపు ఖాళీ, అక్కడ గిన్నెలో గింజకు చక్కెర మోత తప్పి విశ్రాంతి. విశ్రాంతి దొరికిన గింజ తనంతట తనే కోలుకునేది. మేము ఆ గొప్ప ఎర్రనూగు తీగకు కట్టబెట్టాం. శనివారం ఆకును శనివారమే పరీక్షించాలన్న నియమం ఉండనే ఉంది, కాబట్టి అది ఎన్నడూ ఓడిపోలేదు. దాత అంకెలు చూడకూడదన్న నియమమూ ఉంది, కాబట్టి మేము ఎన్నడూ కనిపెట్టలేదు.

మందు దొరకాలని మా అక్క ఉన్న ఉపవాసమే, దొరకని మందును దొరికినట్టు చూపించింది.

నాకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. పక్క మంచం ఆమె కూతురు మా వైపు చూసి తల తిప్పేసుకుంది.

చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పకపోతే వచ్చే శనివారం కూడా పస్తుంటుంది, ఇన్సులిన్ ఎక్కుతున్న ఒంటితో. ఇంకో ఆకు మళ్ళీ అబద్ధం చెబుతుంది, దాన్ని తాగి ఇంకొకరు పడిపోతారు. చెబితే ఆమె ఏమైపోతుందో తెలియదు. చివరికి చెప్పాను. దాచిపెట్టే ఓపిక కూడా నాకు మిగల్లేదు.

గింజ సంగతీ ఆకు సంగతీ అన్నీ విన్నది. మధ్యలో ఒక్కసారి మాత్రం, "అంటే నా వల్లనా?" అంది.

"నీ వల్ల కాదు. మా లెక్క వల్ల."

"నేను తినకుంటే, అక్కడ అది బాగైందా?"

"అవును."

"తింటే పాడైతాందా?"

"అవును అక్కా."

కిటికీ వైపు తిరిగి పడుకుంది. వీపు కదులుతోంది. ఏడుస్తోందో, ఊపిరే బరువుగా ఉందో తెలియలేదు. నేను ఇడ్లీ ప్లేటు మీద ఈగను తోలుతూ కూర్చున్నాను. ప్రభావతి గారు ఫోను చేస్తున్నారు. హసీనా చెప్పేసి ఉంటుంది. ఎత్తలేదు.

నాకు తెలుసు ఆవిడ ఏమంటారో. మొదటి ఆకు నుంచి మళ్ళీ మొదలుపెడదామంటారు. ఎర్రనూగుతో పోల్చి పక్కన పడేసిన ఆకుల్లో నిజంగా మంచిది ఏదైనా ఉండొచ్చు, అక్కగారు శనివారం కూడా తింటే చాలంటారు. ఆవిడ మాటలో తప్పేమీ ఉండదు. నేనూ అదే అడగడానికి నోరు తెరిచాను. సిగ్గుచేటు, కానీ తెరిచాను.

"అక్కా, ఇకమీదట శనివారాలు కూడా నువ్వు..."

అక్క ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

"ఓబులేసూ, ఇన్నేండ్లు నీ కోసం తింటిని. నువ్వు తూసిచ్చిందే తింటి, నువ్వు తినమన్న పొద్దుకే తింటి. తినకుండా ఉన్నదీ నీ కోసమే. రెండూ అచ్చిరాల్యా." గుళిక ఉన్న చెయ్యి నా వైపు చాపింది. "దీన్ని తీపిచ్చెయ్. సూది యేసుకుంటా, నాకేం బాధల్యా. ఇంక నా ఆకలికి నేను తింటా."

గుళిక తీస్తే గింజ ఉండదు. అక్క తోడు తెగిన గంటల్లోనే ఆ పెసరగింజ బూడిదరంగుకు తిరుగుతుంది. ఇంకో దాత దొరికేదాకా ప్రయోగశాలకు తాళం. దొరికేదాకా అంటే దొరకడని అర్థం. నా జీవితం మొత్తం ఆ గాజుగిన్నెలో ఉంది. కానీ ఆ చెయ్యి ఇంకా నా వైపే చాపి ఉంది. "సరే అక్కా," అన్నాను.

నర్సును పిలిచి డాక్టరమ్మతో మాట్లాడాలని చెప్పాను. తర్వాత వరండాలోకి వెళ్లి ప్రభావతి గారికి ఫోను చేసి, గింజను ఇక ఆపేయమన్నాను. ఆవిడ చాలా మాట్లాడారు. అన్నీ విన్నాను. హసీనాకు మాత్రం, పోయేదాకా దాని పక్కన కూర్చోమ్మా, ఒంటరిగా వదలొద్దు అని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. 

నేను తిరిగి వచ్చేసరికి అక్క లేచి కూర్చుంది.

"ఆకలైతాందిరా" అంది.

"శనివారం కదక్కా."

"స్వామికి నేను జెప్పుకుంటాలే. నా కడుపు సంగతి ఆయప్పకు తెలీదా?"

ఇడ్లీ ప్లేటు వైపు చూశాను. ఆమె వద్దన్నట్టు మొహం పెట్టింది. ఆస్పత్రి బయట ఏవో బండ్లుంటాయి, ఏమైనా తెద్దామని చెప్పుల్లో కాళ్లు పెట్టి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. ఏం తేవాలి? ఆమె మింగిన ప్రతి ముద్దా ఎన్ని గ్రాములో చెప్పమంటే నిద్రలో లేపినా చెబుతాను. చిన్నప్పట్నుంచీ ఆమె చేతి వంట తిని పెరిగాను. మా అక్కకు ఏది ఇష్టమో నాకు తెలియదు.

"ఏం తింటావక్కా?" అని అడిగాను.

అక్క నా వైపు చూసి, ఆ ప్రశ్న తననే అడిగానా అన్నట్టు కొంచెంసేపు ఆలోచించింది.

"ఉడకేసిన చెనిక్కాయలు" అంది. "తొక్కతోనే త్యా. నేను ఒల్సుకుంటా."